నిలువుకాళ్ళ కొలువు – ఉబ్బిన సిరలు

(కోయంబత్తూరులోని తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద మనము సాధారణముగా మాట్లాడుకొను సంగతులు వేరు. పిల్లలకు తెలుగు నేర్పుట ఎట్లు, పాఠ్యపుస్తకములు సకాలమునకు ఎందుకు రావు, ఇంటిలో తెలుగు మాటలాడుట ఏల తగ్గుచున్నది – ఇవియే ప్రతిసారియు నడచుచుండును. నేడు కాళ్ళను గూర్చి చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి బట్టల అంగడిలో కూర్చున్నవారము. కూర్చున్నవారము అనుటకంటె నిలుచున్నవారము అనుటయే నిజము. అయినను కొన్ని సంవత్సరములుగా మన కుటుంబములవారిని పలువురను వెంటబెట్టుకొని డాక్టర్ల వద్దకు తిరిగినందున, అడిగి తెలిసికొన్నదియు చదివి తెలిసికొన్నదియు కొంత కలదు. దానినే తమ ముందుంచుచున్నాము.

ఈ హాలులో కూర్చున్నవారి వృత్తులను ఒకసారి తలచుకొనుడు. బట్టల కొట్టులో తానులు విప్పి చూపు గుమాస్తా, నూలుమిల్లులో ఫ్రేముల నడుమ తిరుగు కార్మికుడు, హోటలులో పెనము ముందు దోసెలు పోయు మాస్టరు, క్షౌరశాల నడుపువారు, తరగతిలో బోర్డు ముందు నిలుచు పంతులమ్మగారు. సోలాపురములో పవర్‌లూముల మధ్య బ్రతుకుచున్న మన పద్మశాలి సోదరులను కూడ ఈ వరుసలో చేర్చవలెను. పొట్టకూటికి పరస్థలమునకు వచ్చి స్థిరపడినవారికి మొదట దొరకునవి ఇట్టి పనులే. నిలువుకాళ్ళ కొలువు అను మాట మన భాషలో ఊరక పుట్టలేదు.

ఇక ఈ వ్యాధి పేరు. మన ఇండ్లలో దీనికి నిలుకడయైన పేరు లేదు. ‘నరాలు ఉబ్బినవి’ అందురు, ‘నరాలు ముడులు పడినవి’ అందురు. ఇక్కడి తమిళ సోదరులు ‘నరంబు చురుట్టల్’ అందురు. కన్నడమందును ‘నర’ అను మాటయే వాడుక. ఇందులో ఒక చిక్కు కలదు. మెదడునుండి వార్తలు మోయు తంతువును కూడ మనము నరమనియే పిలుతుము. రక్తము మోయు గొట్టమును కూడ నరమనియే పిలుతుము. అందుచేత కాలిలో నరము ఉబ్బినవారు తిన్నగా నరముల డాక్టరు ఇంటికి పోవుదురు. మేమెరిగిన ఒక పెద్దమ్మగారు ఇట్లే రెండేండ్లు తిరిగి, విటమిను మాత్రలు మ్రింగి, కాలి మంట అట్లే మోసికొని తిరిగివచ్చిరి. చెడినది నరము కాదు, సిర. గుండెనుండి రక్తము తెచ్చునది ధమని. గుండెకు తిరిగి తీసికొనిపోవునది సిర. ఈ వ్యాధికి చూపించుకొనవలసినది రక్తనాళముల శస్త్రవైద్యునకు, అనగా వాస్క్యులర్ సర్జనుకు. ఆయన లేని ఊరిలో జనరల్ సర్జనుకు. ఈ ఒక్క ముక్క జ్ఞాపకముంచుకొన్నను కొందరికి సంవత్సరములు మిగులును.

సిర ఎట్లు చెడునో చూతము. గుండెనుండి పాదమునకు రక్తము దిగుట సులభము. పాదమునుండి గుండెకు ఎక్కుటయే కష్టము. ఆ ఎక్కించు బలము పిక్కలోని కండరములది. అడుగు వేసినప్పుడెల్ల పిక్క బిగిసి లోపలి సిరలను నొక్కును. రక్తము పైకి పోవును. అడుగు సడలినపుడు అది మరల క్రిందికి జారకుండ సిరల లోపల అక్కడక్కడ చిన్న కవాటములు కలవు. అవి పైకి మాత్రమే తెరుచుకొను తలుపులు. పంపులు తయారుచేయు ఈ ఊరిలో నివసించు మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. బావిలో పైపు అడుగున ఫుట్‌వాల్వు చెడినచో మోటారు ఆపిన వెంటనే నీరంతయు దిగజారును గదా. కాలిలోను అదియే జరుగును. తలుపు సరిగా మూయబడనందున రక్తము క్రిందికి జారి నిలిచి, ఆ బరువునకు సిర గోడ సాగి, సిర లావై, వంకరలు తిరిగి చర్మము క్రింద త్రాడువలె కనిపించును. సిర సాగిన కొలది దానిలోని తరువాతి తలుపు కూడ ఎడమై పనికిరాకపోవును. అందుచేత ఈ వ్యాధి తనంత తాను తగ్గునది కాదు.

ఈ తలుపులను గూర్చి ఇటలీ దేశములోని పాదువా నగరమున ఫాబ్రీషియస్ అను శరీరశాస్త్ర పండితుడు 1603లో గ్రంథము వ్రాసెను. ఆయన శిష్యుడు, ఇంగ్లండువాడు, విలియం హార్వే 1628లో రక్తము దేహములో చుట్టి తిరుగుచున్నదని నిరూపించునపుడు ఈ తలుపులనే సాక్ష్యముగా చూపెను. చేతికి కట్టు కట్టి, ఉబ్బిన సిరను వ్రేలితో నొక్కి త్రోసినచో రక్తము గుండె వైపునకే పోవును గాని వెనుకకు రాదు. మన ఇంటిలో పెద్దవారి ముంజేతిమీద నేడును ఎవరైనను చూడవచ్చును. పిల్లలకు చూపుడు, సంతోషింతురు.

కాలిలో రెండు తరగతుల సిరలు కలవు. కండరముల నడుమ లోతుగా ఉన్నవి పెద్ద సిరలు. రక్తములో పదింట తొమ్మిదిపాళ్ళు వీనిలోనే పైకి పోవును. చర్మము క్రిందనే పోవునవి పైసిరలు. వానిలో పొడుగైనది లోపలి చీలమండ ముందునుండి తొడ లోపలిభాగము వెంట గజ్జ వరకు పోవును. రెండవది పిక్క వెనుకనుండి మోకాలి మడత వరకు పోవును. సాధారణముగా చెడునవి ఈ పైసిరలే. చికిత్సకు వీలు కలుగుటకు కారణమును ఇదియే. పదింట ఒకపాలు మోయు చెడిన దారిని మూసివేసినచో రక్తము లోతు సిరల ద్వారా చక్కగా పోవును. ‘సిరను మూసినచో కాలికి రక్తమెట్లు ఆడును?’ అని మమ్ము అడుగనివారు లేరు. ఆడును. ఇప్పుడు ఆడుటలేదు గనుకనే మూయుట.

ఈ వ్యాధి ఎవరికి వచ్చును? తల్లిదండ్రులకు ఉన్నచో పిల్లలకు వచ్చుట ఎక్కువ. వయస్సు, స్థూలకాయము, గర్భధారణములు, గంటల తరబడి కదలక నిలుచుట దీనిని పెంచును. నడచుటవలన రాదు, నిలుచుటవలన పెరుగును. నడచువానికి పిక్క పనిచేయుచుండును, నిలుచున్నవానికి పిక్క నిద్రించుచుండును. ఇది స్త్రీల జబ్బు అని మన మగవారి నమ్మకము. స్కాట్లండులోని ఎడింబరో నగరమున 18 మొదలు 64 ఏండ్ల వయస్సువారిని పరీక్షించి 1999లో ప్రకటించిన లెక్కలో పెద్ద సిరల ఉబ్బు మగవారిలో నూటికి 40 మందికి, స్త్రీలలో నూటికి 32 మందికి కనబడెను. మగవారు వైద్యునకు చూపరు, అంతే. పంచె క్రింద దాగును, ప్యాంటు క్రింద దాగును. స్త్రీలకు చీర కుచ్చిళ్ళు అడ్డము.

మొదట సాయంకాలమునకు కాలు బరువెక్కును, చీలమండల వద్ద వాచును, రాత్రి పిక్క పట్టును. ఉదయమునకు తగ్గియుండును గనుక ఎవరును పట్టించుకొనరు. తరువాత చీలమండ లోపలిప్రక్క దురద పుట్టి చర్మము గోధుమరంగునకు, క్రమముగా నలుపునకు తిరిగి చెక్కవలె గట్టిపడును. ఆ చోట ఒక దోమకాటో, బల్ల అంచో చాలును, పుండు పడును. ఇది మధుమేహపు పుండు కాదు, కుష్ఠు కాదు, ఎవరి దిష్టియు కాదు. పసుపు వేసినను ఆకు పసరు వేసినను మానకపోవుట సహజము, ఏలయనగా లోపల నిలిచిన రక్తపు ఒత్తిడి తగ్గలేదు. మోకాలి క్రింద పడిన పుండు రెండు వారములలో మానలేదనిన అది రక్తనాళముల వైద్యునకు చూపవలసిన పుండు అని బ్రిటనులో వైద్య ప్రమాణములు నిర్ణయించు ‘నైస్’ అను సంస్థ 2013లో నియమము చేసినది. మన ఊళ్ళలో రెండు వారములు కాదు, పది సంవత్సరములు గుడ్డ చుట్టుకొని తిరుగువారిని మేము చూచితిమి. వాసన వచ్చునని పెండ్లిండ్లకు రారు, ఈ సభకును రారు.

రక్తస్రావమును గూర్చి ఒక ముచ్చట చెప్పవలెను. మా అంగడిలో తానులు దించు పనివాడొకడు కలడు. దీపావళి అమ్మకముల రద్దీలో ఒక సాయంకాలము అతని చీలమండ వద్దనున్న నల్లని బుడిప గోరు తగిలి తెగెను. నొప్పి లేదు. చెప్పులో తడి తగిలినందున క్రిందికి చూచుకొనెను. నేలమీద మడుగు కట్టుచున్నది. చుట్టునున్నవారు తువాలు తెచ్చి మోకాలి పైన బిగించి కట్టబోయిరి. ఎదుటి మందుల షాపు కుర్రవాడు పరుగున వచ్చి, ‘పైన కట్టొద్దండీ, ముందు పడుకోబెట్టండి!’ అని కేకవేసెను. అతనిని నేలమీద పరుండబెట్టి, కాలు చీరల దొంతిపైకి ఎత్తి, మడచిన శుభ్రమైన గుడ్డను గాయముమీద అదిమి పట్టెను. పది నిమిషములలో ఆగెను. పైన బిగించి కట్టినచో సిరలోని రక్తము పైకి పోవు దారి మూసికొని స్రావము హెచ్చునని తరువాత డాక్టరు చెప్పిరి. నిలుచున్నను కుర్చీలో కూర్చున్నను స్రావము ఆగదు. ఒంటరిగా నున్న వృద్ధులు ఇట్లు ప్రాణములు కోల్పోవుటయు కలదు. పరుండుట, కాలు గుండెకంటె ఎత్తుగా నుంచుట, అదుముట – ఇంతే. అటుపిమ్మట ఆసుపత్రికి పోవలెను.

మరొక ప్రమాదమును చెప్పి చికిత్సలలోనికి పోవుదము. ఒక్క కాలు మాత్రము ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిపుట్టినచో లోతు సిరలో రక్తము గడ్డకట్టినదేమో అని అనుమానించవలెను. ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణాంతకము. అప్పుడు నూనెవేసి మర్దన చేయరాదు, అదే దినము ఆసుపత్రిలో చూపవలెను.

చికిత్సకు ముందు పరీక్ష యొకటి తప్పనిసరి. దానిని కలర్ డాప్లర్ స్కాను అందురు. గర్భిణీ స్త్రీలకు చేయు స్కాను వంటిదే; సూది లేదు, నొప్పి లేదు. ఏ సిరలో ఏ తలుపు చెడినదో, రక్తము ఎంతసేపు వెనుకకు జారుచున్నదో అందులో కనబడును. సిరల తలుపులు పరీక్షించుటకు రోగిని నిలువబెట్టి చూడవలెను. పరుండబెట్టి మాత్రమే చూచి పంపినచో నిలువబెట్టి చూడుడని అడుగవచ్చును. లోతు సిరలు తెరచియున్నవని తేలిన పిమ్మటనే పైసిరను ముట్టవలెను. పూర్వము గడ్డకట్టి లోతు సిర మూసికొనిపోయినవారికి ఆ ఉబ్బిన పైసిరయే రక్తమునకు దారియై యుండవచ్చును. దానిని మూయుట అపకారము. కావున డాప్లర్ చూడకయే ‘రేపే ఆపరేషను’ అనువారి వద్ద నిలువవద్దు.

అన్నిటికంటె పాత ఉపాయము బిగించి కట్టుట. నేడు దానికి బిగుతు మేజోళ్ళు వచ్చినవి. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కాన్రాడ్ జాబ్స్ట్ అను ఇంజినీరు తానే ఈ వ్యాధితో బాధపడువాడు. ఈతకొలనులో నిలుచున్నపుడు నొప్పి తగ్గుట గమనించెను. నీటి ఒత్తిడి లోతున ఎక్కువ, పైకి వచ్చిన కొలది తక్కువ. ఆ విధముగానే చీలమండ వద్ద గట్టిగాను పైకి పోయిన కొలది వదులుగాను ఉండు మేజోడును 1950 ప్రాంతమున తయారుచేసెను. మేము బట్టల వర్తకులము గనుక దీనిపై రెండు మాటలు చెప్పు అధికారము మాకు కలదు. కాలు వాయకముందు, ఉదయమున, చీలమండ చుట్టుకొలతయు పిక్క చుట్టుకొలతయు తీసి కొనవలెను. ‘మీడియం ఇమ్ము’ అని కొనునది కాదు. పక్కమీదనుండి దిగకముందే తొడుగవలెను, రాత్రి పరుండునపుడు తీయవలెను. పిండరాదు, ఎండలో ఆరవేయరాదు. ఎంత మంచి సరుకైనను ప్రతిదినము వాడినచో ఆరు మాసములకు సాగుడు చచ్చును. మూడేండ్ల క్రిందటి మేజోడు తొడుగుకొనుట మామూలు మేజోడు తొడుగుకొనుటయే. చేతితో చుట్టుకొను క్రేప్ కట్టు, పైన బిగువై క్రింద వదులైనచో మేలుకంటె కీడు ఎక్కువ. మధుమేహము ఉన్నవారును, పొగత్రాగువారును కాలి ధమనులలో రక్తము సరిగా నడచుచున్నదో లేదో పరీక్షింపించుకొనక వీనిని వాడరాదు.

మన ఎండలలో మేజోడు తొడుగుకొని పదిగంటలు నిలుచుట ఎంత కష్టమో తొడిగినవారికే తెలియును. పలువురు నెలతో మానుదురు. మేజోడు బాధను తగ్గించును, వాపును ఆపును. చెడిన తలుపును బాగుచేయదు. డయాస్మిన్ వంటి మాత్రలును అంతే. బరువు కొంత తగ్గును, సిర తగ్గదు. చికిత్సకు వీలైనవారికి మేజోళ్ళతోనే సరిపుచ్చవద్దని నైస్ నియమము. మన వద్ద మాత్రము దీనినే ముగింపుగా భావించువారు ఎక్కువ. గర్భిణులకు ఇదియే తగినది. వారికి సూదులును కోతలును వద్దు. కాన్పైన కొన్ని మాసములకు చాలవరకు అదే తగ్గును.

కోత చికిత్స చాల ప్రాచీనము. రోము సేనాని గయస్ మారియస్ ఒక కాలికి మత్తులేక, కట్టివేయించుకొనక, కదలక కోయించుకొని, రెండవకాలు చూపుమనగా ఈ మేలు ఆ బాధకు తగినది కాదని నిరాకరించెనని ప్లూటార్కు వ్రాసెను. ఆ సేనాని మాట మన పెద్దలలో నేటికిని నడచుచున్నది. ‘గజ్జ వద్ద కోసి చీలమండ వరకు నరము లాగుదురట’ అని భయపడుదురు. ఆ లాగుట నిజమే. గజ్జ వద్ద సిరను కట్టి, లోనికి తీగ పంపి మొత్తముగా ఊడబెరుకు పద్ధతిని అమెరికాలో బాబ్‌కాక్ అను సర్జను 1907లో ప్రకటించెను. నూరేండ్లు అదియే రాజ్యమేలెను. నేటికిని ప్రభుత్వ ఆసుపత్రులలో జరుగుచున్నది, చక్కగా చేసినచో ఫలితమును మంచిదే. నడుము క్రింద మత్తో పూర్తి మత్తో ఇత్తురు. కొన్ని వారముల విశ్రాంతి కావలెను. దినకూలివానికి ఆ వారములే ఆపరేషనుకంటె భారము.

ఈ భయమును తొలగించునవి 1999 ప్రాంతమున వచ్చిన వేడి చికిత్సలు. ఇక్కడ సిరను పెరుకరు. లోపలినుండి కాల్చి మూయుదురు. స్కాను తెరమీద చూచుచు మోకాలి వద్ద సూది రంధ్రము చేసి, సిరలోనికి సన్నని తీగ పంపి, సిర చుట్టును తిమ్మిరి మందు కలిపిన నీరు ఎక్కింతురు. ఆ నీరు నొప్పి తెలియనీయదు, చుట్టునున్న చర్మమును వేడినుండి కాపాడును. పిదప తీగను వెనుకకు లాగుచు వేడి చేయుదురు. లేసరు కాంతితో చేయునది ఒకటి; రేడియో తరంగములతో చేయునది మరియొకటి. రెండవదానిలో తీగ కొన 120 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి వచ్చి, ఇరువది సెకండ్లలో ఏడు సెంటీమీటర్ల సిరను మూయును. రోగి ఆ దినమే నడచి ఇంటికి పోవును, నడువుమనియే చెప్పుదురు. బయటకు ముడులుగా నున్న కొమ్మసిరలను బియ్యపుగింజంత గాట్లనుండి అప్పుడే కొక్కెముతో తీసివేయుదురు. కుట్లు అక్కరలేదు. మా పనివానికి ఇట్లే చేసిరి. వారము దినములకు పనిలోనికి వచ్చెను. కొందరికి కమిలిన మచ్చలు, పిక్క ప్రక్క తిమ్మిరి కొన్ని మాసములు ఉండును. అరుదుగా లోతు సిరలో గడ్డ కట్టుటయు కలదు. కాబట్టి చేసిన తరువాత మరల స్కానుకు రమ్మనిన పోవలెను. ఒక్క సలహా: ఆ తీగ ఒక్క రోగికి వాడి పారవేయవలసినది. దాని సొమ్ము మన బిల్లులో పడును గనుక, క్రొత్తది మా ముందు విప్పుడని అడుగుటలో అమర్యాద లేదు.

వేడియే లేక వైద్యపు జిగురు పోసి సిర గోడలను అంటించు పద్ధతికి అమెరికాలో 2015లో అనుమతి లభించినది. తిమ్మిరి నీటి సూదులు తప్పును. ఖర్చు ఎక్కువ, కొందరికి ఆ జిగురు పడక ఎఱ్ఱని వాపు వచ్చును. ఇక నురుగు చికిత్స. సిర గోడను మాడ్చు మందును గాలితో చిలికి నురుగుగా చేసి సూదితో ఎక్కింతురు. చవుక, త్వరగా ముగియును, ముసలివారికిని పుండు ఉన్నవారికిని అనుకూలము. కాని పెద్ద సిరలు మరల తెరుచుకొనుట ఇందులో ఎక్కువ. బ్రిటనులో 798 మందిపై లేసరు, నురుగు, కోత – ఈ మూడింటిని పోల్చి ఐదేండ్ల తరువాత చూచిన ఫలితములు 2019లో వెలువడినవి. లేసరును కోతయు చేయించుకొన్నవారి స్థితి నురుగు చేయించుకొన్నవారికంటె మెరుగుగా నుండెను. నైస్ చెప్పిన వరుస ఇది: మొదట వేడి, అది కుదరనిచో నురుగు, అదియు కుదరనిచో కోత. మేమును అదే వరుసను నమ్ముదుము. అయితే వేడి చికిత్సకు సొమ్ము చాలనివారు ప్రభుత్వ ఆసుపత్రిలో కోత చేయించుకొనుట, ఏమియు చేయించుకొనక పదేండ్లు పుండు మోయుటకంటె వేయిరెట్లు మేలు.

పుండు మానిన పిమ్మట సిరను చూతమని వెనుకటి ఆచారము. 2018లో ప్రకటితమైన మరియొక బ్రిటిషు పరిశోధన దానిని తిరుగవేసినది. పుండు ఉన్న 450 మందిలో సగముమందికి కట్టుతోపాటు వెంటనే సిరను మూసిరి. తక్కిన సగముమందికి ముందు కట్టు మాత్రమే కట్టిరి. మొదటివారి పుండ్లు మానుటకు మధ్యస్థముగా 56 దినములు, రెండవవారికి 82 దినములు పట్టెను. కావున ‘పుండు మానని, తరువాత చూతము’ అనునది ఇక చెల్లదు.

భీమా సంగతి ఒకటి వర్తకులుగా హెచ్చరింపవలెను. పెక్కు ఆరోగ్య భీమా పత్రములలో ఈ వ్యాధికి మొదటి రెండేండ్లు సొమ్ము ఇయ్యరు. అందము కొరకు చేయు చికిత్సకు ఎప్పుడును ఇయ్యరు. అందుచేత నొప్పి, వాపు, చర్మపు రంగు మార్పు ఉన్నవని డాక్టరు చీటీలో వ్రాయించుకొని, డాప్లర్ రిపోర్టుతో కలిపి దాచుకొనుడు.

సాలెగూటి సిరలను గూర్చి తల్లులు అడుగుచుందురు. తొడలమీదను మోకాళ్ళ ప్రక్కను ఎఱుపు నీలము దారములవలె అల్లుకొను సిరలివి. లావు ఒక్క మిల్లీమీటరునకు లోపు. ఎడింబరో లెక్కలో నూటికి 80 మందికి పైగా వీనిని కలిగియుండిరి, అనగా లేనివారే అరుదు. ఇవి పుండ్లు పడునవి కావు. పెండ్లిచూపులకు ముందు ఆడపిల్లను ఈ నెపముతో ఆసుపత్రులు త్రిప్పుట మాకు సమ్మతము కాదు. పిల్ల తనకు తానై వద్దనుకొన్నచో అది వేరు మాట. అప్పుడు అతి సన్నని సూదితో పోలిడోకనాల్ అను మందు ఎక్కింతురు. కొన్ని వారముల ఎడముతో పలుమార్లు చేయించవలెను, తరువాత క్రొత్తవి పుట్టవని హామీ లేదు. మన చామనచాయ చర్మముమీద సూది పడినచోట గోధుమరంగు మచ్చ కొందరికి మాసముల తరబడి నిలుచును. పైనుండి వేయు లేసరు మన రంగువారికి మరింత జాగ్రత్తతో చేయవలసినది. కాలినచో తెల్లమచ్చయో నల్లమచ్చయో మిగులును. ఏ లేపనమును వీనిని మాపదు, పత్రికలలో ప్రకటనలు ఎన్ని వచ్చినను. ఒక్క మినహాయింపు కలదు: చీలమండ లోపలిప్రక్క ఇట్టి సన్నసిరలు విసనకఱ్ఱవలె గుంపుగా పుట్టినచో లోపల పెద్ద సిర చెడిన గుర్తు కావచ్చును. దానికి స్కాను చేయింపుడు.

‘ఆ సిర రేపు గుండె ఆపరేషనుకు పనికివచ్చునుగదా, ఇప్పుడు కాల్చివేయుటేల?’ అని పెద్దలొకరు వెనుకటి సమావేశమున అడిగిరి. మంచి ప్రశ్న. 1967లో అమెరికాలో ఫావలోరో అను సర్జను కాలి సిరతో గుండెకు బైపాసు చేసినది మొదలు ఆ సిరకు విలువ వచ్చినది నిజమే. అయితే సాగి, వంకరలు పోయిన సిర ఆ పనికి సాధారణముగా తగదు. రెండవకాలి సిర కలదు, రొమ్ములోని ధమని కలదు. మంచి సిరను ముట్టరు, చెడినదానినే మూయుదురు.

చివరకు మన అంగళ్ళ సంగతి. ఫ్యాక్టరీలలో నిలుచుండి పనిచేయువారికి కూర్చుండు వసతి ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోనే వ్రాసిరి. దుకాణములలోని గుమాస్తాలకు ఆ మాట చాలకాలము రాలేదు. కేరళలో కోళికోడు బట్టల కొట్లలో పనిచేయు స్త్రీలు ఏండ్ల తరబడి పోరాడినందున 2018లో అక్కడి చట్టము మారెను. మన తమిళనాడులో 2021లో దుకాణముల చట్టమునకు సవరణ వచ్చి, ప్రతి దుకాణములోను పనివారందరికి ఆసనములు ఉండవలెననియు, అవకాశము దొరికినపుడు వారు కూర్చుండవచ్చుననియు విధించినది. ‘కొనువాడు వచ్చునప్పటికి గుమాస్తా కూర్చుండినచో మర్యాద కాదు’ అని మనలో కొందరు వాదింతురు. మా అనుభవములో బేరము చెడునది గుమాస్తా కూర్చున్నందున కాదు, సాయంకాలమునకు కాళ్ళ నొప్పితో విసుగుకొన్నందున. మా కొట్టులో ప్రతి కౌంటరు వెనుక ముక్కాలిపీట కలదు. గంటకొకసారి మడమలెత్తి దించుట ఇరువదిసార్లు చేయుమని పనివారికి చెప్పియున్నాము. మొదట నవ్విరి, ఇప్పుడు చేయుచున్నారు. కూర్చుండుట కూడ కాళ్ళు వ్రేలాడవేసి గంటల తరబడి కాదు. నడుమ నాలుగడుగులు వేయవలెను. ఈ సమావేశమునకు వచ్చిన యజమానులలో ఎంతమంది కొట్లలో పీటలున్నవో చేతులెత్తుమని అడుగము. వచ్చే మాసము కార్యవర్గమువారు పీటలను టోకున తయారుచేయించుచున్నారు; కావలసినవారు పేర్లు వ్రాయింపవచ్చును.

ఇక ప్రశ్నలకు సమయము. స్త్రీలు నలుగురిలో అడుగుటకు మొగమాటపడినచో చీటీ వ్రాసి మా ఇంటివారి చేతికి ఇచ్చినను చాలును, పేరు వ్రాయనక్కరలేదు.